పెళ్ళి గ్రూపులకు బాక్స్ నంబరు కావాలి



వాట్సాప్ పెళ్ళి సంబంధాల గ్రూపులు వచ్చాక మధ్యవర్తుల బెడద తప్పిందనీ, పైసా ఖర్చు లేకుండా సంబంధాలు ఇంటికి నడిచొస్తున్నాయనీ మెచ్చుకుంటూ మీ పత్రిక ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. పైసా ఖర్చు లేదన్న మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. అవతల ఫోన్లో మాట్లాడుతున్నది ఖాతాదారుడేనా, మరొకరా అని తేల్చుకోవడానికి బ్యాంకులు ఏమేం అడుగుతాయో తెలిసినవాణ్ణి. ఆ అడిగేవన్నీ ఈ గ్రూపుల్లో ఒక్కో పేజీలో, ఫొటోతో సహా, వరసగా దొరుకుతున్నాయి.

మన బయోడేటా ఒకటి తీసి చూడండి. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. పుట్టిన తేదీ, నిమిషాలతో సహా సమయం, ఊరు. గోత్రం, నక్షత్రం, పాదం. తండ్రి పేరు, ఏ ఆఫీసులో ఏ హోదాలో రిటైరయ్యారు. తల్లి పేరు. మేనమామల ఇంటిపేరు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, బావలు, వాళ్ళలో ఎవరు ఏ దేశంలో ఏ కంపెనీలో ఉన్నారు. అమ్మాయి జీతం. సొంతిల్లు ఏ వీధిలో, పొలం ఏ ఊళ్ళో ఎన్నెకరాలు. కింద రెండు ఫోన్ నంబర్లు. పెళ్ళి ఒక్కరికే అయినా చిట్టా ఇంటిల్లిపాదిదీ. అమెరికాలో ఉన్న బావగారిని మీ వివరాలు పెట్టుకోవచ్చా అని అడిగినవాళ్ళు ఎవరూ నాకు తగల్లేదు.

ఇందులో మేనమామల ఇంటిపేరు సంగతి కాస్త చెప్పాలి. ఖాతాదారుణ్ణి గుర్తుపట్టడానికి బ్యాంకులు ఏళ్ళ తరబడి అడిగిన రహస్య ప్రశ్నల్లో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఒకటి. పెళ్ళయ్యాక ఆడవాళ్ళ పాత ఇంటిపేరు బయటివాళ్ళకు తెలియదన్న తెల్లదొరల లెక్క మీద పుట్టిన ప్రశ్న అది. మనం దానికి విడిగా ఒక గడి గీసి మరీ ప్రకటిస్తున్నాం. పుట్టిన తేదీ కథ ఇంకా ఘోరం. ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుంచి దించుకునే ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఏమిటి? పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. చాలా బ్యాంకులు నెలనెలా ఈమెయిల్లో పంపే స్టేట్‌మెంట్లకూ పేరు ముక్కనో పుట్టిన తేదీనో కలిపిన తాళమే ఉంటుంది. నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకుని, ఆ కంప్యూటర్లోంచి చెరిపించకుండా వచ్చేసిన ఫైళ్ళు మన ఊళ్ళలో ఎన్ని ఉంటాయో మీరే ఊహించుకోండి. ఫైలు అక్కడుంది, తాళంచెవి గ్రూపులో ఉంది. ఇలాంటి తాళాలు పెట్టిన సంస్థలను నేను వెనకేసుకు రావడం లేదు, వాళ్ళ తప్పు వాళ్ళకుంది. వాళ్ళు మార్చేదాకా చెవి మాత్రం మన చేతిలోనే ఉండాలిగా.

ఒక్కో వివరం విడిగా చూస్తే ఏమంత రహస్యం కాదు కదా అంటారు. దానికి జవాబు ఒక పాత సంఘటనలో ఉంది. 2018 జులైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఛైర్మన్‌గా ఉన్న ఆర్.ఎస్. శర్మ గారు తన ఆధార్ నంబరును ట్విటర్లో పెట్టి, దీనితో నాకేం హాని చేయగలరో చేయండి చూద్దామని సవాలు విసిరారు. కొన్ని గంటల్లోనే ఆయన ఫోన్ నంబరు, చిరునామా, పుట్టిన తేదీ అంటూ జనం తలా ఒకటి తెచ్చి పెట్టారు. ఆయన ఖాతాలో రూపాయి వేసి చూపించినవాళ్ళూ ఉన్నారు. అవన్నీ ముందే బయట ఉన్నవేనని, ఆధార్ నుంచి ఏదీ పోలేదని శర్మ గారు వాదించారు. ఆయన మాట నిజమే అనుకుందాం. అప్పుడది నా వాదనకే బలం. తలోచోటా పడి ఉన్న ముక్కలను ఎవరో ఏరుకొచ్చి కుప్ప పోయాల్సి వచ్చింది. మన బయోడేటాలో ఆ ఏరే శ్రమ కూడా లేదు.

ఆ కుప్పతో ఏం చేస్తారన్నది ప్రధాని నోటి మీదుగానే దేశం విన్నది. 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో, పోలీసులమంటూ ఫోన్లో బెదిరించి డబ్బు గుంజే ‘డిజిటల్ అరెస్ట్’ మోసం గురించి మోదీ గారు చెప్పినప్పుడు, మోసగాడు వేసే మొదటి ఎత్తు మన వ్యక్తిగత సమాచారం సేకరించడమేనన్నారు. పోయిన నెల మీరు ఫలానా ఊరు వెళ్ళారు కదా, మీ అమ్మాయి ఫలానా చోట చదువుతోంది కదా అని వాడు మొదలుపెడతాడు. అన్నీ తెలిసి మాట్లాడేవాడు పోలీసే అయి ఉంటాడని మనకు గుండె జారుతుంది. పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి, ఇక్కడ ఇద్దరే ముసలివాళ్ళున్న తెలుగిళ్ళు ఎన్ని! మీ అబ్బాయి పోలీసుల అదుపులో ఉన్నాడని ఎవరో ఫోన్ చేసి అబ్బాయి పూర్తి పేరు, కంపెనీ, చెల్లెలి పేరు చెబితే ఆ తండ్రికి అనుమానం ఎలా వస్తుంది? ఆ మూడూ తానే కిందటేడు గ్రూపులో పెట్టానని ఆ క్షణాన గుర్తొస్తుందా?

అమ్మాయిల కష్టం డబ్బుతో పోయేదీ కాదు. నా పాత సహోద్యోగి కూతురికి నిరుడు పెళ్ళయింది. ఆమె బయోడేటా ఇప్పటికీ మేమెవరం ఎరగని గ్రూపుల్లో తిరుగుతోంది. సంబంధం ఉందండీ అంటూ ఫోన్లొస్తాయి, ఒక్కోసారి అల్లుడు ఎదురుగా కూర్చుని ఉండగానే. ఇది నవ్వుకుని వదిలేయదగ్గది. రాత్రి పదకొండింటికి వచ్చే ఫోన్లు, ఫొటో తీసుకుని దొంగ ప్రొఫైల్ తెరవడాలు నవ్వుకునేవి కావు. ఇక రెండో పెళ్ళి గ్రూపుల్లో విడాకులకు కారణం, పిల్లల పేర్లు, వయసులు, చేతికొచ్చిన మనోవర్తి మొత్తం కూడా రాస్తున్నారు. భర్త లేని ఇల్లు, చేతిలో డబ్బు, చిన్నపిల్లలు అని వెయ్యిమందికి చెప్పడమది. వెయ్యి అని మాటవరసకు అనడం లేదు. ఒక వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా ఉండవచ్చు. అందులో మనకు ముఖపరిచయం ఉన్నవాళ్ళు ఎందరు?

చట్టం ఉంది కదా అనవచ్చు. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. అయితే ఆ చట్టం మూడో సెక్షను చదివి చూడండి. వ్యక్తులు సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి అది వర్తించదు. ఎవరి సమాచారాన్ని వారే బహిరంగంగా పెట్టుకుంటే దానికీ వర్తించదు. గ్రూపులో పెట్టడం బహిరంగంగా పెట్టడమేనా, ఉచితంగా గ్రూపు నడిపే పెద్దమనిషిది ఇంటి అవసరమేనా అన్నది వకీళ్ళు తేల్చుకోవాలి. ఈలోగా జరగాల్సింది జరిగిపోతుంది. పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్లకైతే 2016లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. చేరేవారి గుర్తింపు పత్రాలు చూడాలనీ, ఫిర్యాదులు వినే అధికారి ఉండాలనీ అందులో ఉంది. మన కుల సంఘాల గ్రూపు అడ్మిన్‌కు ఇవేమీ లేవు. లింకు నొక్కినవాణ్ణల్లా చేర్చుకుంటాడు.

పూర్వం పెళ్ళిళ్ళ పేరయ్యకూ ఈ వివరాలన్నీ తెలుసుగా అని ఒకాయన నాతో వాదించారు. తెలుసు. కానీ పేరయ్య రెండిళ్ళూ ఎరిగిన మనిషి. ఏ గడపలో ఏది చెప్పాలో, ఏది మింగాలో అతనికి తెలుసు. మాట తేడా వస్తే మళ్ళీ ఆ వీధిలో తలెత్తుకు తిరగలేడు. ఫార్వర్డ్ చేసేవాడికి ఆ భయం లేదు.

అన్నిటికన్నా మంచి పద్ధతి మీ పత్రికల దగ్గరే ఉండేది. ‘వధువు కావలెను’, ‘వరుడు కావలెను’ ప్రకటనల్లో వయసు, ఎత్తు, చదువు, ఉద్యోగం, నక్షత్రం ఉండేవి. పేరుండేది కాదు, ఫొటో ఉండేది కాదు. కింద ‘వివరములతో వ్రాయుడు, బాక్స్ నంబరు ఫలానా, కేరాఫ్ ఈ పత్రిక’ అని ఉండేది. జవాబులు పత్రికాఫీసుకు వచ్చేవి. అందులో నచ్చినవాళ్ళకే మన పేరు, ఊరు తెలిసేవి. మాటకింత అని డబ్బు కట్టాలి కనుక అనవసరమైనవి రాసేవాళ్ళూ కాదు. ఆ ప్రకటనలతో పెళ్ళిళ్ళు ఆగిపోలేదు. మా ఇంట్లోనే ఒకటి జరిగింది.

కుల సంఘాల పెద్దలకూ గ్రూపు అడ్మిన్లకూ నేను చెప్పేది ఆ బాక్స్ నంబరును తిరిగి తెమ్మనే. గ్రూపులో ఒక వరస సంఖ్య, వయసు, చదువు, ఉద్యోగం ఏ రంగంలో, జిల్లా, నక్షత్రం, పాదం చాలు. పుట్టిన తేదీ లేకపోతే జాతకాలు ఎలా కలుస్తాయంటారేమో. మొదటి వడపోతలో చూసే గుణాల లెక్కకు నక్షత్ర పాదాలతోనే పని జరుగుతుంది. లగ్నం, కుజదోషం చూడాలంటే తేదీ, సమయం కావాలి నిజమే. అది రెండువైపులా ఇష్టపడ్డాక సిద్ధాంతి గారికి ఇవ్వాల్సింది, వెయ్యిమందికి కాదు. ఫొటో, ఫోన్ నంబరు అడ్మిన్ దగ్గర ఉంచి, అడిగినవారెవరో కనుక్కుని, అవతలివారిని అడిగి ఇవ్వాలి. మేనమామల ఇంటిపేరు పెళ్ళిచూపుల్లో కాఫీ తాగుతూ మాట్లాడుకోవచ్చు. ఆస్తుల సంగతి ఆ తర్వాత. సంబంధం కుదిరిన రోజునే ఆ వరస సంఖ్యను గ్రూపులోంచి తీసేయాలి. వీటన్నిటికంటే ముందు, ఏది పెట్టాలో ఏది వద్దో ఆ పెళ్ళి చేసుకోబోయే పిల్లనో పిల్లాణ్ణో అడగాలి. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి జీతం ఆమెకు చెప్పకుండా తండ్రి గ్రూపులో పెట్టడం నాకు ఏ విధంగానూ మర్యాదగా తోచదు.

ఇంత శ్రమ ఎవరు పడతారు, ఊరికే సేవ చేస్తున్నాం అని అడ్మిన్లు విసుక్కోవచ్చు. అంత ఓపిక లేకపోతే 1024 మందిని చేర్చుకోకండి, యాభై మందితో నడపండి. దాచిపెడితే ఎవరు నమ్ముతారన్నది ఇంకో మాట. బయోడేటాలో రాసింది చూసి ఎవరూ పిల్లనివ్వడం లేదు. ఎలాగూ ఊళ్ళో వాకబు చేస్తూనే ఉన్నారు.

ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు పరువుకు జంకకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలని కూడా మీ పాఠకులకు చెప్పండి. మొదటి గంటల్లో చెబితే ఆ సొమ్మును ఖాతాలో ఆపించే వీలుంటుంది. మీ అనుబంధంలో ఒక మూల, పైన చెప్పినంత కురచ బయోడేటా నమూనా ఒకటి అచ్చువేస్తే, మా సంఘం గ్రూపు అడ్మిన్‌కు చూపించే పని నాది. నేను చెబితే వినలేదు. పత్రికలో వచ్చిందంటే వింటాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
తెనాలి