వంశపత్రిక గల కుక్క

సాయంకాలమున మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి వీథులలో నడచువారికి నేడొక వింత కానవచ్చును. 1998లో సైబర్ టవర్సు వెలసిన నాటికి రాళ్లగుట్టలుగా నుండిన ఆ ప్రాంతమున నిప్పుడు ఆకాశమంటు మేడలు. ఆ మేడల పండ్రెండవ అంతస్తునుండి పట్టెడలతో దిగివచ్చునవి సైబీరియా హస్కీలు, ఆల్ప్సు కొండల సెయింట్ బెర్నార్డులు, ముడుతల మొగముల పగ్గులు. కొండాపూరులో చెత్త పోయుచుండిన స్థలము నొకదానిని నగరపాలక సంస్థవారు 2018లో కుక్కల యుద్యానవనముగా మార్చిరి. కుక్కకు తోట యేల యని పరిహసించువారితో మేము ఏకీభవింపము. ప్రాణిని తెచ్చికొన్నవాడు దానికి పరుగెత్తు చోటు చూపవలసినదే. మా ప్రశ్న వేఱు. శుద్ధజాతి యని చెప్పి యమ్ముచున్న దేమి? మనవారు వేలకు వేలు దేనికి చెల్లించుచున్నారు?

కుక్క మనుష్యుని చేరి పదునాలుగు వేల యేండ్లు దాటినది. శుద్ధజాతి యను మాట కట్టి రెండువంద లేండ్లయినను కాలేదు. ఇంగ్లండులోని న్యూకాసిలు పట్టణమున 1859లో కుక్కల ప్రదర్శన జరిగెను. 1873లో లండనున కెన్నెల్ క్లబ్బు ఏర్పడెను. అటుపిమ్మట నొక్కొక్క తెగకు రూపలక్షణములు వ్రాసి, వంశపుస్తకము తెఱచి, కొంతకాలమునకు దానిని మూసివేసిరి. తల్లియు తండ్రియు ఆ పుస్తకమున నున్నగాని పిల్లకు ప్రవేశము లేదు. మన పోలీసువారి కొలువునను గానవచ్చు జర్మను షెపర్డు పుస్తకము 1899లో స్టెఫానిట్సు అను సైనికోద్యోగి కొన్న ఒక్క మగకుక్క పేరుతో ప్రారంభమైనది. ప్రాచీనవంశ మని మనము భ్రమపడునది మన తాతల ముత్తాతల నాటి దస్తావేజు!

ఈ మూసిన పుస్తకములోని చిక్కు పశువుల నెఱిగిన రైతునకు చెప్పవలసిన పనిలేదు. ఒకే ఆబోతును తరతరములు మందలో నుంచినచో దూడలు క్షీణించు నని వాడెఱుగును. శాస్త్రము దానికి కారణము చెప్పినది. ప్రతి జన్యువునకును తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటిగా రెండు ప్రతు లుండును. చెడిన ప్రతి యొకటి యున్నను మంచిది దానిని కప్పిపుచ్చును. తల్లిదండ్రులు దగ్గఱి రక్తమువారైనచో రెండు చెడినవియు నొకే పిల్లలో కలిసికొనును. తెల్లని మేన నల్లచుక్కలు గల డాల్మేషియను తెగలో నిట్లే మూత్రమున యూరికామ్లము పేరుకొని రాళ్లు కట్టు దోషము తెగ కంతకును వ్యాపించెను. 1973లో అమెరికా శాస్త్రజ్ఞు డొకడు ఒక డాల్మేషియనును పాయింటరను వేటకుక్కతో జతపఱచి, పుట్టినవానిని మరల డాల్మేషియనులతోనే తరతరములు కలిపెను. చుక్కలు నిలిచినవి, దోషము పోయినది. అయినను ఆ సంతతిని నిలుకడగా పుస్తకమున జేర్చుకొనుటకు అమెరికా క్లబ్బువారికి 2011 వఱకు పట్టెను. ప్రాణికంటె పత్రిక యెక్కువయైన చోట నిట్లే జరుగును.

అమ్మకగాండ్రు రూపమునే గాక గుణమును గూడ విక్రయింతురు: ఈ తెగ సాత్వికము, ఆ తెగ తెలివిగలది యని. పదునెనిమిది వేలకు పైగా కుక్కలను పరిశీలించి 2022లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో, కుక్కకును కుక్కకును గల స్వభావభేదములో తెగవలన తెలియునది నూటికి తొమ్మిది పాళ్లే యని తేలినది. తక్కినది పెంపకము, పరిసరములు, ఆ కుక్క తన సొంత తీరు.

ఇక మన యెండ సంగతి. కుక్కకు మనవలె మేనంతయు చెమట పట్టదు. నాలుక చాచి యొగర్చుటయే దాని చల్లదనము. హస్కీని చుక్చీ జనులు మంచుమీద బండి లాగుటకు పెంచిరి. దానికి రెండు పొరల రోమము గలదు. వైశాఖమున నలుబది డిగ్రీలు దాటు హైదరాబాదులో నది చల్లని గదికి ఖైదీ. పగ్గు గతి యింకను హీనము. మొగము నదిమి యదిమి పెంచుటచే దానికి ఒగర్చుటయే కష్టము. దాని గురకను విని ముద్దుపడువారు ఆ గురక ఊపిరాడని బాధ యని యెఱుగుదురా?

ఈ నేలకు తగిన కుక్క మనకు లేకపోలేదు. కొల్లేటి ప్రాంతమున జోనంగి యను కుక్క గలదు. పొట్టి రోమము, సన్నని మేను; అరచుటకు మాఱుగ నొక రాగము తీయును; గోతులు త్రవ్వుకొని పండుకొనును. కోతలైన పొలములలో రాలిన గింజలు మేయు బాతుల మందలను కాచుట దాని వృత్తి. చేపల చెఱువులు వ్యాపించి బాతుల పని తగ్గుటతో జోనంగి నిరుద్యోగి యయ్యెను. పనిలేని కుక్క పేరు మాసి వీథికుక్కలలో గలిసిపోవుచున్నది. కర్నాలులోని జాతీయ పశు జన్యుసంపద సంస్థవారు దేశీయ శునకములలో మొదట నమోదు చేసినవి రాజపాళయము, చిప్పిపారై, ముధోలు అను మూడు. వీనిలో మొదటిది తమిళదేశమున నేటికిని తెలుగు మాటాడు రాజుల యూరి పేర వెలసినది.

అట్లని జోనంగిని గూడ నంగడి కెక్కింపుమని మేము చెప్పుట లేదు. తెల్లదనమునకై పెంచిన రాజపాళయములలో పుట్టుచెవుడు కానవచ్చుట మనకు హెచ్చరిక. బాతులకాపరిని పండ్రెండవ అంతస్తున గట్టివేయుటయు దయ కాదు. ముందు కావలసినది లెక్క: ఎన్ని మిగిలినవి, ఏ యూళ్ల నున్నవి, ఒండొంటికి నెంత దగ్గఱి చుట్టములు. రక్తము పరీక్షింపగల జీవాణు పరిశోధనాలయము హైదరాబాదు హబ్సీగూడలోనే యున్నది. పశువైద్య విశ్వవిద్యాలయము రాజేంద్రనగరమున నున్నది.

హస్కీయే కావలెనను యువకునకు మేమడ్డుపడలేము. కాని 2017 నాటి కేంద్రనియమముల ప్రకారము కుక్కలను పెంచి యమ్మువాడు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియొద్ద నమోదు కావలెను. ఎనిమిది వారములు నిండని పిల్ల నమ్మరాదు. వంశపత్రిక చూపుమని యడుగువారు ఆ నమోదుపత్రమును, తల్లిదండ్రుల ఆరోగ్యపత్రమును గూడ నడుగవలెను. తల్లికుక్కను కంటితో జూపుమని కోరవలెను. చూపనివానియొద్ద కొనకుండిన చాలును.