జల్లెడ పట్టి, మిగిలినవాళ్లకు మార్కులా?

ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లలు ఎందరు రెండో తరగతి పాఠం చదవగలరు? పిల్లల చదువును ఇంటింటా కొలిచే అసర్ సర్వే 2024లో గ్రామీణ భారతంలో తేల్చిన లెక్క 23.4 శాతం. ఇలాంటి అంకె బయటపడ్డ ప్రతిసారీ ఒకటే పాట మొదలవుతుంది: సర్కారు బడి దండగ, పంతుళ్ల జీతాలు దండగ, మూసేస్తే పీడ పోతుంది. ఆ పాట పాడే ప్రతివారినీ నేను అడిగేది ఒక్కటే. ఆ తరగతిలో కూర్చున్నది ఎవరి పిల్లలు?

సర్పంచి పిల్లలు కారు. ఎరువుల షాపు ఓనరు పిల్లలు కారు. చాలాచోట్ల ఆ బడిలో పాఠం చెప్పే టీచరు పిల్లలు కూడా కారు. పొద్దున్నే ఊళ్లోకి పసుపుపచ్చ బస్సు వస్తుంది. ఫీజు కట్టగలిగిన ఇళ్ల ముందు ఆగి పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లిపోతుంది. ఒకే ఇంట్లో కొడుకు బస్సెక్కుతాడు, కూతురు పలక పట్టుకుని ఊరి బడికి నడుస్తుంది. మిగిలేది కూలివాళ్ల పిల్లలు, దళితవాడ పిల్లలు, తండా పిల్లలు, ఏ ప్రైవేటు బడీ చేర్చుకోని వికలాంగ బిడ్డ. ఊరిని ఇలా జల్లెడ పట్టి, కింద రాలినవాళ్లకు పరీక్ష పెట్టి, పైన నిలిచినవాళ్లతో పోల్చి బడిని తిడుతున్నాం. ఇది కొలత కాదు, అన్యాయం.

దీనికి రుజువు మన నేల మీదే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో, 180 గ్రామాల్లో, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు పెద్ద ప్రయోగం చేశారు. ప్రభుత్వ బడి పిల్లల్లో లాటరీ తీసి, పేరు వచ్చినవారికి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో ప్రైవేటుకు వెళ్లినవారికీ సర్కారు బడిలో ఉండిపోయినవారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ప్రైవేటులో తలకు అయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువని కూడా ఆ అధ్యయనం చెప్పింది. ఆ సంగతి నేను దాచను. ఆ పొదుపులో పెద్ద భాగం ప్రైవేటు టీచరుకిచ్చే అరకొర జీతం నుంచే వస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. 2015లో అచ్చయిన ఈ ఫలితం అర్థం ఒక్కటే: మనం బడి గొప్పతనం అనుకున్నదాంట్లో చాలా భాగం ఇంటి గొప్పతనం.

ఇప్పుడు సర్కారు బడికి మనం ఏమిచ్చామో చూడండి. అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడిలో ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం రాసింది. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బడుల వివరాలు సేకరించే కేంద్ర ప్రభుత్వ వ్యవస్థ యూడైస్ 2024-25 లెక్కల్లో దేశంలో లక్షకు పైగా బడులు ఏకోపాధ్యాయ బడులే. అందులో 12,912 బడులతో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. ఒక్క మనిషి, ఐదు తరగతులు! ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించే వేళ ఐదో తరగతికి భాగహారం ఎవరు చెప్పాలి? మధ్యలో హాజరు యాప్, భోజనం లెక్క, మండలాఫీసులో మీటింగు. ఆయన సెలవు పెడితే బడికే సెలవు. పిల్లలు తగ్గారని టీచర్ని తీసేస్తారు, టీచరు లేడని ఇంకొందరు పిల్లలు వెళ్లిపోతారు, చివరికి పిల్లలే లేరని తాళం వేస్తారు. తెలంగాణలో ఒక్క విద్యార్థి కూడా లేని బడులు అదే ఏడాది రెండు వేలు దాటాయి. ఆ సున్నాను పిల్లలు తెచ్చుకోలేదు.

ఆదోని, కోసిగి వైపు చూడండి. పంట పని దొరక్క కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప తోటలకు వలస పోతాయి. ఇంట్లో చూసుకునేవాళ్లు లేకపోతే పిల్లలూ వెంట పోవాల్సిందే. కోతలు సాగే నెలల్లోనే బడిలో పాఠాలూ సాగుతాయి. తిరిగొచ్చిన బిడ్డకు ఏప్రిల్లో పరీక్ష పెట్టి సి గ్రేడు రాస్తే, ఆ గ్రేడు ఎవరికి వేసినట్టు? ఇంట్లో కోయ, గోండి, సవర మాట్లాడే బిడ్డ బడిలో మొదటిరోజే పరాయి భాష వింటుంది. ఆ బిడ్డ మౌనానికి మనం పెట్టిన పేరు వెనకబాటు.

అయితే ఇదే మాట పట్టుకుని చేతులు దులుపుకునేవాళ్లనూ నేను వదలను. "ఈ పిల్లలకు చదువు అబ్బదు సార్" అని స్టాఫ్‌రూములో వినిపించే మాట, బడికి తాళం వేసే జీవో కన్నా క్రూరమైనది. అది అబద్ధం కూడా. కరోనా మూతల తర్వాత, 2022లో, ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదువు లెక్క 16.3 శాతానికి పడింది. రెండేళ్లలో 23.4కు లేచింది, 2018 నాటి 20.9ని దాటింది. ప్రైవేటు బడులు అప్పటికీ 2018 మెట్టును అందుకోలేదు. ఆ రెండేళ్లలో పిల్లల కులాలు మారలేదు, తల్లిదండ్రులకు ఆస్తులు రాలేదు. బిడ్డ పుట్టుక చదువుకు గోడ కాదని ఈ అంకెలే చెబుతున్నాయి. ఇల్లు ఇవ్వలేనిది బడి ఇవ్వాలి. అందుకే పేదల బడికి అందరికన్నా ఎక్కువ ఇవ్వాలి. మనం అందరికన్నా తక్కువ ఇస్తున్నాం.

నా డిమాండ్లు మూడు. ప్రతి బడి ఫలితం పక్కన జూన్‌లో పిల్లలు ఎక్కడున్నారో, ఏప్రిల్‌కు ఎంత ఎక్కారో రాయండి. కులం, వైకల్యం యూడైస్‌లో ప్రతి బిడ్డకూ నింపిస్తున్నారు కదా, మార్కుల పట్టిక వేసేటప్పుడు వాటిని ఎందుకు చెరిపేస్తున్నారు? పిల్లలు పదిమంది ఉన్నా సరే, ప్రతి ప్రాథమిక బడికీ ఇద్దరు టీచర్లను ఇవ్వండి. ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లు తమ పిల్లల్ని ప్రభుత్వ బడికి పంపాలి. ఈ చివరిది కొత్త మాట కాదు. అలహాబాద్ హైకోర్టు 2015లోనే ఉత్తరప్రదేశ్‌ను అలా ఆదేశించింది. అన్ని ఇళ్ల పిల్లలూ ఒకే పొరుగు బడిలో చదవాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. రెండూ కాగితాల మీదే మిగిలాయి.

చదువరీ, వచ్చే జూన్‌లో మీ ఊరి బడి గడప తొక్కండి. టీచర్లు ఎందరో, వలసపోయే పిల్లలు ఎందరో అడగండి. ఒక బిడ్డ చేత ఒక పేజీ చదివించండి. ఏప్రిల్లో మళ్లీ వెళ్లి అదే బిడ్డ చేత మళ్లీ చదివించండి. ఆ బిడ్డ ఎంత దూరం వచ్చిందో కొలవకుండా ఆ బడికి తాళం వేసే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.