గొంగడి వేషం కాదు

సంపాదకులకు,

సభల్లో నాయకులు పంచె కట్టడం, గొంగడి వేసుకోవడం ఓట్ల కోసం వేషమని గతవారం ఒక పాఠకుడు రాశారు. నేను ఒప్పుకోను. స్కాట్లాండ్ కొండప్రాంతాల వాళ్లు కట్టుకునే ఉన్ని కిల్టును బ్రిటిష్ సర్కారు 1746లో చట్టం చేసి మరీ నిషేధించింది. 1782 దాకా ఎత్తేయలేదు. కట్టుబట్ట అంత చిన్న విషయమేమీ కాదు.

మా జనగామ సంగతే చూడండి. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు ఒరిగిన తెలంగాణ సాయుధ పోరాట అమరుడు దొడ్డి కొమురయ్య, గొర్రెలు కాసి గొంగడి నేసే కురుమల బిడ్డ. ఆయన జయంతి నాడు నాయకుడి భుజాన నల్ల గొంగడి కనిపిస్తే నాకు కళ్లు చెమరుస్తాయి.

నా బాధ వేరే. మా నాయనమ్మ ఉన్ని వడికేది, తాత గుంటమగ్గం మీద నేసేవాడు. చింతగింజల అంబలి పట్టించిన ఆ గొంగడి మెడకు గుచ్చుకునేది, వానకు తడిస్తే గొర్రె వాసన కొట్టేది. మొన్న మా ఊరి సభలో కప్పినవి మెత్తటి మిల్లు శాలువాలు, నల్లరంగు అద్దినవి! జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నాయకులకు నా మనవి ఒక్కటే: గొంగడి తప్పకుండా వేసుకోండి, నేసినవాళ్ల ఇంటికి వెళ్లి కొని వేసుకోండి.

— ఒక పాఠకుడు, జనగామ