మోటారుసైకిలు కదలనిచో ముందు చూడవలసినది

మోటారుసైకిలు కదలకున్న తోడనే క్రొత్త బ్యాటరీ కొనుట మన గ్రామములలో వాడుకయైనది. ఇది వృథావ్యయమని నా యభిప్రాయము.

హ్యాండిలుపై ఎఱ్ఱమీట యున్నచో మొదట దానిని చూడుడు; పిల్లలు త్రిప్పిపోవుచుందురు. బటను నొక్కగా టిక్కుమను చప్పుడు మాత్రమే వచ్చెనేని, తఱచుగా బ్యాటరీ నీరసించియుండును, లేదా దాని కొనలయందు తీగలు వదులై యుండును. కొనలపై తెల్లని చిలుము పట్టియున్నచో ముందు నెగెటివు తీగను, పిదప పాజిటివు తీగను విప్పి, కొనలను వంటసోడా నీటితో తుడిచి, ఆరనిచ్చి, బిగింపవలెను. దీపమే వెలుగనిచో ఫ్యూజు చూడుడు. తెగిన ఫ్యూజునకు మాఱుగా రాగితీగ చుట్టుట కొంపకు నిప్పు పెట్టుకొనుటయే. ధాన్యపు కొట్టునందు బండి నిలుపువారు ఎలుకలు కొఱికిన తీగలను గూడ వెదకవలెను.

నిలిచియున్న బండిలో నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడచునపుడు అది 13.5 మొదలు 14.5 వఱకు పెరుగవలెను. పెరుగదేని దోషము ఛార్జింగు భాగమున నున్నది. ఎన్ని బ్యాటరీలు మార్చినను నిలువవు. ఈ కొలత తీయు మీటరు నొకదానిని ప్రతి సంఘమును తన గిడ్డంగిలో నుంచవలయునని కోరుచున్నాను.

కిక్కు కొట్టుటకు అలవడినవారు దీనిని తేలికగా నెంచుదురు. కాని 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజి 6 నిబంధనల తరువాతి బండ్లలో పెక్కింటికి పెట్రోలు నందించునదియు విద్యుత్తే. బ్యాటరీ పూర్తిగా చచ్చినచో అట్టి బండిని ఎంత తన్నినను లేవకపోవచ్చును.