దుమ్ముగూడెం నుంచి చూస్తే జస్టిస్ వరాలే నియామకం

దుమ్ముగూడెం మండలంలో కోయ రైతు భూమి గిరిజనేతరుడి చేతికి వెళ్లిందంటే ముందుగా గుర్తుకొచ్చేది భద్రాచలంలోని ఎస్.డి.సి. కోర్టు. 1/70 చట్టం కింద విచారణ జరిపేది ఆ స్పెషల్ డిప్యూటీ కలెక్టరే. అక్కడి ఉత్తర్వుపై అప్పీళ్లు నడిచి, వివాదం హైకోర్టుకు, ఒక్కోసారి ఢిల్లీకి చేరుతుంది. అందువల్ల సుప్రీంకోర్టులో ఎవరు కూర్చుంటారన్నది గోదావరి ఒడ్డున ఉన్నవారికి దూరపు ముచ్చట కాదు.

అప్పటి కర్ణాటక హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ప్రసన్న బి. వరాలేను సుప్రీంకోర్టుకు నియమించాలని కొలీజియం 2024 జనవరి 19న సిఫారసు చేసింది. ఆ నెలలోనే రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడటంతో ఆ న్యాయస్థానంలో ముగ్గురు దళిత న్యాయమూర్తులు ఒకేసారి ఉండటం అదే తొలిసారి అయింది. ఈ నియామకాన్ని నేను నిస్సంకోచంగా సమర్థిస్తున్నాను. అయితే సమర్థనకు కారణం సంఖ్య ఒక్కటే కాకూడదు.

మొదట అనుభవం సంగతి. 1985లో న్యాయవాదిగా నమోదైన వరాలే ఔరంగాబాద్‌లోని అంబేడ్కర్ న్యాయ కళాశాలలో పాఠాలు చెప్పారు, ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేశారు. 2008లో బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు, 2022 అక్టోబరులో కర్ణాటక ప్రధాన న్యాయమూర్తిగా వెళ్లారు. బొంబాయి హైకోర్టు నుంచి అప్పటికే ముగ్గురున్నారన్న అభ్యంతరానికి ఆస్కారం ఉందని కొలీజియానికి తెలుసు. ఆ మాట తీర్మానంలోనే రాసింది. దేశంలోని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తుల్లో షెడ్యూల్డ్ కులాలకు చెందినవారు ఆయన ఒక్కరేనని కూడా రాసింది. ఈ రెండో వాక్యం ఆయన గురించి చెప్పేదానికన్నా మన హైకోర్టుల గురించి ఎక్కువ చెబుతుంది. పదిహేనేళ్లకు పైగా తీర్పులు రాసిన వ్యక్తి ముందు ‘ప్రతిభ’ ప్రశ్న లేవనెత్తేవారు, అదే ప్రశ్న మిగతా ముప్పైమందికి పైగా ఉన్న న్యాయమూర్తుల విషయంలో ఎప్పుడు అడిగారో చెప్పాలి.

సుప్రీంకోర్టు 1950లో ఏర్పడితే తొలి దళిత న్యాయమూర్తి జస్టిస్ వరదరాజన్ వచ్చింది 1980లో. 2010 మేలో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ విరమించాక 2019 మేలో జస్టిస్ గవాయ్ వచ్చేదాకా తొమ్మిదేళ్లు ఒక్కరూ లేరు.

ఈ వరుసలో తెలుగువారు మరవకూడని పేరు జస్టిస్ కె. రామస్వామి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి 1989లో సుప్రీంకోర్టుకు వెళ్లిన ఆయన, పదవీ విరమణ ముంగిట, 1997 జూలై 11న సమతా తీర్పు వెలువరించారు. బొర్రా ప్రాంతపు గనుల లీజులపై మొదలైన వివాదం అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి ఇవ్వరాదన్న నిషేధం వ్యక్తులకే కాదు, ప్రభుత్వానికీ వర్తిస్తుందని ఆ తీర్పు తేల్చింది. ప్రభుత్వ భూమి ప్రభుత్వ ఇష్టమన్న వాదన అక్కడ ఆగింది. దుమ్ముగూడెం సహా ఏజెన్సీ అంతటికీ అది నేటికీ రక్షణ గోడ. తీర్పు రెండు-ఒకటి మెజారిటీతో వచ్చింది. రామస్వామితో ఏకీభవించింది జస్టిస్ సగీర్ అహ్మద్, విభేదించింది జస్టిస్ పట్నాయక్. ఆ పీఠంలో ఒక్క న్యాయమూర్తి మారి ఉంటే ఫలితం తలకిందులయ్యేది.

దళితుడు కాబట్టే ఆ తీర్పు రాశారని నేననను. 1/70 చెల్లుతుందని 1988లో పి. రామిరెడ్డి కేసులో చెప్పింది సుప్రీంకోర్టే. అప్పుడు రామస్వామి ఇంకా అక్కడికి చేరనే లేదు. కులం తీర్పును రాయదు. కానీ ఏ వాస్తవాన్ని వాస్తవంగా గుర్తించాలన్న చోట, నడిచి వచ్చిన దారి పనిచేస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ మా విద్యార్థులకు బాగా తెలుసు. ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక షెడ్యూల్డ్ తెగలకే కేటాయించిన 2000 నాటి జీవో 3ను, 2020 ఏప్రిల్ 22న అయిదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం కొట్టివేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్న న్యాయసూత్రంపై వాదన ఉండొచ్చు. అయితే అదే తీర్పులో ఆదివాసీల జీవన విధానాన్ని ఆదిమమైనదిగా, ప్రధాన స్రవంతిలో ఇమడనిదిగా చిత్రించే మాటలున్నాయి. ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి కోయ పిల్లలకు కోయ తెలిసిన పంతులుగా వెళ్దామనుకున్న అమ్మాయి ఆ మాటలు చదివితే ఏమనుకోవాలి? ఆ అయిదుగురిలో ఆదివాసీ ఒక్కరూ లేరు. ఉండి ఉంటే తీర్పు మారేదో లేదో, ఆ మాటలు మాత్రం అంత సులువుగా కాగితం మీదికి వచ్చేవి కావు.

కాబట్టి వరాలే నియామకాన్ని స్వాగతిస్తూనే మరో లెక్క చూడాలి. 2018 నుంచి నియమితులైన 604 మంది హైకోర్టు న్యాయమూర్తుల్లో 458 మంది జనరల్ వర్గం వారని, షెడ్యూల్డ్ కులాలవారు 18, షెడ్యూల్డ్ తెగలవారు 9 మంది అని కేంద్రం 2023 జూలైలో లోక్‌సభకు చెప్పింది. సుప్రీంకోర్టుకు వెళ్లే దారి ప్రధానంగా హైకోర్టుల గుండానే. అక్కడ తొమ్మిదిమంది ఉంటే ఢిల్లీలో ఎవరుంటారు?

హైకోర్టు నియామకాల్లో తొలి జాబితా తయారయ్యేది ఢిల్లీలో కాదు, హైదరాబాద్‌లో. ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్ న్యాయమూర్తులు కలిసి తయారుచేస్తారు. భద్రాచలం, ఉట్నూరు, ఏటూరునాగారం ప్రాంతాల భూమి కేసులు ఏళ్లతరబడి వాదించిన కోయ, గోండు, లంబాడా న్యాయవాదుల్లో ఎందరి పేర్లు ఆ ముగ్గురి ముందుకు వచ్చాయో తెలంగాణ న్యాయవాద సంఘాలు ఈ వారమే అడగాలి.