వాయిద్యాల్లేవు... గొంతులే!

వేదిక మీద అర్ధచంద్రాకారంలో కుర్చీలు. వాటిలో కూర్చుని పాడుతున్న నల్లజాతి మహిళలు. పియానో లేదు, గిటారు లేదు. ఉన్నవల్లా చప్పట్లు, పాదాల తాళం, మహా అయితే పూసల వల చుట్టిన ఓ సొరకాయ బుర్ర. బతుకమ్మ ఆటలో ఒకరు పాట చెబితే మిగతావాళ్లు అందుకున్నట్టే ఇక్కడా ఒక గొంతు ఎత్తుకుంటే మిగతావి కలుస్తాయి. 1973లో వాషింగ్టన్‌లో పుట్టిన ఈ బృందం పేరు 'స్వీట్ హనీ ఇన్ ద రాక్'. అంటే 'రాతిలో తీయని తేనె' అన్నమాట!

బృందాన్ని మొదలుపెట్టింది బెర్నిస్ జాన్సన్ రీగన్. 1942లో జార్జియా రాష్ట్రంలో ఓ పాస్టర్ ఇంట పుట్టారు. ఆమెకు పదకొండేళ్లు వచ్చేదాకా వాళ్ల చర్చిలో పియానో లేదు. ఉన్నది గొంతులే! 1961లో జాతి వివక్షకు వ్యతిరేకంగా ఆల్బనీ ఊళ్లో జరిగిన ఊరేగింపులో పాల్గొన్నందుకు జైల్లో పెట్టారు. కాలేజీ నుంచీ పంపించేశారు. జైల్లో ఆమెకు తోడుగా ఉన్నది పాటే. మరుసటి ఏడాది మరో ముగ్గురితో కలిసి 'ఫ్రీడమ్ సింగర్స్'గా దేశమంతా తిరిగి, ఉద్యమానికి విరాళాలు సేకరించారు.

వీళ్లకూ మన అమీర్‌పేటకూ ఏమిటి సంబంధం అంటారా? ఉంది. అమీర్‌పేటలో కోర్సులు చేసి, పంజాగుట్టలో కన్సల్టెన్సీల మెట్లెక్కే కుర్రాళ్లలో చాలామందికి అమెరికా ఓ కల. 1965కి ముందు ఆ దేశం భారతీయుల వలసకు ఇచ్చిన కోటా ఎంతో తెలుసా? ఏడాదికి దాదాపు 100 మంది! పుట్టిన దేశాన్ని బట్టి మనుషులను తూచే ఆ పద్ధతిని 1965లో వచ్చిన వలస చట్టం రద్దు చేసింది. నల్లజాతివాళ్లు వీధుల్లో, జైళ్లలో పాడుతూ సాధించుకున్న 1964 పౌరహక్కుల చట్టం వేడిలోనే అదీ వచ్చింది. మన డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లింది ఆ తర్వాతే.

హక్కులు వచ్చాయని రీగన్ పాట ఆపలేదు. చదువు కొనసాగించి, 1975లో చరిత్రలో డాక్టరేట్ తీసుకున్నారు. ఆమె బృందం బానిసల కాలం నాటి భక్తి గీతాలతో పాటు ఆఫ్రికా పాటలూ, కార్మికుల పాటలూ పాడింది. వినపడనివాళ్లకూ పాట అందాలని వేదిక మీద సంజ్ఞల భాషలో చెప్పే మనిషిని కూడా బృందంలో కలుపుకొంది. రీగన్ 2004లో తప్పుకున్నా పాట ఆగలేదు. 2024 జులైలో 81 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి ఎలాగూ సర్దుతాం. ఆ తలుపు ఎవరు తట్టి తెరిపించారో కూడా చెప్పి పంపితే... బరువేం పెరగదు!