తిరిగొచ్చినవాళ్లకు తావివ్వండి

చిల్కూరు, మొయినాబాద్, చేవెళ్ల ప్రజలకు విజ్ఞప్తి.

మావోయిస్టు దళాలు వదిలి ఊళ్లకు చేరుతున్నవాళ్లకు మన దగ్గర ఇల్లు, పని దొరకాలని అడగడానికే ఇది రాస్తున్నాను. 2025 అక్టోబరులో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో తన సహచరులతో లొంగిపోయారు. అలా బయటికొచ్చినవాళ్లలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు.

వాళ్ల వెంట ఒక నింద కూడా వస్తుంది. 2000 డిసెంబరులో ఏర్పడిన మావోయిస్టుల గెరిల్లా సైన్యంలో, ఎదురుకాల్పులు జరిగాక పోలీసులకు ఉప్పందించింది ఎవరన్న వెతుకులాట మొదలవుతుంది. 'కోవర్టు' అని ముద్ర పడితే సొంత దళమే ప్రాణం తీయవచ్చు. హైదరాబాద్ నుంచి 2018లో అడవికి వెళ్లిన ఒక యువతిని 2024 ఆగస్టులో ఇలాగే ఇన్‌ఫార్మర్ అని చంపేశారు. శవం చర్ల మండలంలో దొరికింది. నేరం మోపిందీ, తీర్పు చెప్పిందీ, శిక్ష వేసిందీ ఒక్కరే. ఆమె తప్పు చేసిందో లేదో తేల్చే దారి కన్నవాళ్లకు లేకుండా పోయింది. అంతర్యుద్ధాల్లో సైతం సరైన న్యాయస్థానం తీర్పు లేకుండా ఎవరికీ మరణశిక్ష వేయకూడదని 1949 జెనీవా ఒప్పందాల మూడో అధికరణం చెబుతోంది. అది ప్రభుత్వ సైన్యానికీ, ఎదురు తిరిగినవాళ్లకూ ఒకటే.

తప్పు ఒకవైపే లేదు. మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆదివాసీ యువకులకు నెలకు 3,000 రూపాయలిచ్చి, ప్రత్యేక పోలీసు అధికారులని పేరుపెట్టి ముందు నిలబెట్టింది. అది రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ ధర్మాసనంలోని జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి మన రంగారెడ్డి జిల్లావారే. అయినా లొంగిపోయినవాళ్లను మళ్లీ తుపాకీతో అడవికి పంపడం ఆగలేదు. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లాలో మందుపాతర పేలి చనిపోయిన ఎనిమిది మంది భద్రతా సిబ్బందిలో ఐదుగురు ఒకప్పటి మావోయిస్టులే. ఆయుధం దించినవాణ్ని తిరిగి వేగుగా, దారి చూపేవాడిగా వాడుకోవడం నా దృష్టిలో ద్రోహం.

అందుకే అడుగుతున్నాను. మొయినాబాద్ పూలతోటల్లో, చేవెళ్ల కూరగాయల మడుల్లో, ఫామ్‌హౌస్‌లలో పనికి మనుషులు కావాలి. అడవి నుంచి వచ్చినవాళ్లు అడిగితే పని ఇవ్వండి, గది అద్దెకివ్వండి. వాళ్ల ముందు గానీ వెనక గానీ కోవర్టు అనకండి. ఎవరిని పట్టించావని అడగకండి. కోవర్టు ముద్రతో చనిపోయినవాళ్ల ఇళ్లలో పిల్లలుంటే బడిలో ఆ మాట వాళ్ల చెవిన పడకుండా ఉపాధ్యాయులు చూడాలి.

చిల్కూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి కోరిక చెప్పుకునేందుకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాళ్లెవరో, ఏం చేశారో అడిగి గుడి వాకిలి తీయడం మన ఊళ్లో లేదు. ఊరి వాకిలి కూడా అలాగే తీసి ఉంచండి.